పుటుక్కున తెగే నూలు

నీలం నగర్, సోలాపూర్
20 జూన్ 2025

తమ్ముడు రామచంద్రానికి,

అక్క సుందరాబాయి రాస్తున్నది. అందరం బాగున్నామని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి, బాగున్నాం. మీ బావ వెంకటేశ్‌కు మోకాళ్ళు పట్టేశాయి, అయినా కుంటుకుంటూ టవళ్ళ కార్ఖానాకు పోతూనే ఉన్నాడు. నా వేళ్ళు కూడా మొద్దుబారాయి. నిరుడు నాలుగు గంటలకల్లా వెయ్యి బీడీలు చుట్టేదాన్ని, ఇప్పుడు దీపాలు పెట్టే వేళవుతోంది.

ఇంత రాసే బదులు ఫోన్ చెయ్యొచ్చు కదా అని కోడలు ఆరతి నవ్వుతుంది. ఆ పిల్లకేం తెలుసు. పోయినసారి ఫోన్లో జ్వరం తగ్గిందా అని అడిగితే, "ఆఁ, తిన్న" అన్నావు. మళ్ళీ అరిచి అడిగితే, "జొన్నరొట్టె" అన్నావు. గల్లీ అంతా విన్నది, నువ్వు తప్ప. ఇరవై ఆరేళ్ళు బట్ట నేసే సాంచెల చప్పుడులో నిలబడ్డ చెవులు, వాటి తప్పేముంది. అందుకే కాగితం తీశాను. ఉత్తరం పుస్తకాల భాషలోనే రాయాలని మన తెలుగు బడి పంతులు చెవి మెలేసి నేర్పాడు, నీకు గుర్తుందో లేదో. ఆ భయం నాకింకా పోలేదు.

అసలు సంగతి. ఆగస్టు తొమ్మిదిన రాఖీ పున్నమి, మార్కండేయుడి రథం. రా. వచ్చి మళ్ళీ పోకు. బావ పనిచేసే కార్ఖానాలో టవళ్ళు మడత పెట్టడానికి మనిషి కావాలట. మూడేళ్ళుగా రాని వాగుకు కాపలా ఏంటి తమ్ముడూ? నీళ్ళ ఆఫీసులో పెద్ద పని చేస్తున్నాడని ఇక్కడ అందరికీ చెప్పుకుంటున్నాను. ఏ నీళ్ళు అని ఎవరైనా అడిగితే మాట మారుస్తున్నాను.

జవాబు రాయి. తిన్నానని మాత్రం రాయకు.

నీ అక్క
సుందరాబాయి

*

లూణ్‌సర్, రాజస్థాన్
2 జూలై 2025

అక్కకు,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. ఇక్కడ చదవడానికి ఇంకేమీ లేదు.

ఏ నీళ్ళు అని అడిగేవాళ్ళకు ఇలా చెప్పు. కిషన్‌గఢ్‌లో సాంచెలు మూతపడ్డాక నాకు దొరికింది ఈ పని. వాగు ఒడ్డున ఒక గుడిసె, వాగు నడుమ గీతలు గీసిన ఒక కొలత స్తంభం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆ స్తంభం చూసి నీళ్ళు ఎంత ఎత్తున్నాయో రాయాలి. ఈ వాగు వస్తే ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ మబ్బు కూడా లేకుండానే నీళ్ళొస్తాయి. వచ్చి, కొన్ని గంటలు పారి, కింద ఉప్పు సరస్సులో కలుస్తాయి. అక్కడితో సరి, సముద్రం దాకా పోవు.

ఇక్కడ గుమానారాం అని ముసలి మేకల కాపరి ఉన్నాడు. తన చిన్నతనంలో సరస్సు ఈ గుట్ట కిందకి వచ్చేదట. ఇప్పుడు నీళ్ళ అంచు చూడాలంటే సగం రోజు నడవాలి. నడుమంతా తెల్లటి నేల. పైన కట్టలు కట్టి వాగును ఆపుకున్నారు, కింద బోర్లు వేసి ఉప్పునీళ్ళు తోడుకుంటున్నారు. నేను మూడేళ్ళుగా రోజుకు మూడుసార్లు సున్నా రాస్తున్నాను. రాసి రాసి చెయ్యి దానంతటదే సున్నా చుడుతోంది, నీ చెయ్యి బీడీ చుట్టినట్టు.

మొన్న ఆఫీసు నుంచి ఓవర్సీరు వచ్చి ఒక కాగితం చూపించాడు. ఈ ఏడు కూడా నీళ్ళు రాకపోతే స్తంభం పీకేస్తారు. ఇక్కడ వాగు లేదని నక్షాలో, అంటే సర్కారు పటంలో, రాసేసుకుంటారు. వాగు లేదంటే ఇసుక ఎవరిదైనా అవుతుంది, ఉప్పు మళ్ళు ఇక్కడిదాకా వస్తాయి. నాకేం పోయిందంటావు. ఏమీ పోలేదు. కానీ మూడేళ్ళు కాచుకున్నాను, ఒక్కసారి నీళ్ళు చూసి, పుస్తకంలో అంకె రాసి వస్తాను. రథానికి రాలేను. ఇక్కడ ఇదే కాలం.

ఒక సాయం చెయ్యి. ఒక చిలప నూలు పంపు. పలచటిది, ఒంటి పోగుది, లాగితే పుటుక్కున తెగేది. గట్టి నూలు వద్దు. ఎందుకని అడగకు.

తమ్ముడు
రామచంద్రం

*

నీలం నగర్
20 జూలై 2025

తమ్ముడికి,

ఎందుకని అడగకు అంటే అడగకుండా ఉండే అక్కను కాను. అడుగుతున్నాను. నువ్వు చెప్పవు కాబట్టి మేమే అనుకుంటున్నాం. గాలిపటం ఎగరేస్తున్నాడేమోనని మీ బావ అన్నాడు. యాభై మూడేళ్ళ మనిషికి గాలిపటమేంటి. తక్కువ రకం నూలు అడిగావంటే మాకు ఖర్చవుతుందని వెనకాడుతున్నావని నాకు తోచింది. అదే నిజమైతే నాకు చాలా బాధగా ఉంది.

మంగళవారం దాజీ పేట్‌కు పోయాను. మనం పుట్టిన గల్లీ దాటి, మల్లప్ప నూలు దుకాణం మెట్లెక్కి నిలబడ్డాను. మల్లప్ప లేచి, సిద్ధరాములు బిడ్డ వచ్చిందని కుర్చీ వేయించాడు. నాయిన పేరు చెప్పి కుర్చీ వేసిన మనిషిని, లాగితే తెగే నూలు ఇయ్యమని ఎట్లా అడగను? తెగే నూలు తెచ్చిన వాడిని నాయిన గడప దాటనిచ్చేవాడు కాదు. పోగు తెగితే అన్నం మానేసిన మనిషి. నువ్వు మరిచిపోయినా నేను మరవలేదు.

అందుకని నాలుగు పోగులు కలిపి పురి పెట్టిన చద్దరు నూలు తీసుకున్నాను. రెండు చేతులా లాగి చూశాను, వేలు కోసుకుంది గానీ నూలు తెగలేదు. నీకు దేనికైనా ఇదే పనికొస్తుంది. రాఖీ కూడా ఆ పొట్లంలోనే పెట్టాను. పున్నమి నాడు ఎవరి చేతనైనా కట్టించుకో.

రథానికి రాలేనని ఒక్క ముక్కలో రాసేశావు. ఆ వాగుకున్న పాటి విలువ మాకు లేదని అర్థమైంది. కోపంగా రాస్తున్నాను, కోపంగానే చదువు.

సుందరాబాయి

*

లూణ్‌సర్
7 ఆగస్టు 2025

అక్కా,

పొట్లం ఆదివారం అందింది. నూలు విప్పి చూసి ముందు నవ్వాను, తరవాత కోపమొచ్చింది, తరవాత ఊరుకున్నాను. తప్పు నాది. ఎందుకో చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి సిగ్గేసింది, ఇప్పుడు చెప్తాను.

నాకిప్పుడు బొత్తిగా వినపడదు. ఎడమది కిషన్‌గఢ్‌లోనే పోయింది. కుడిది మొన్న చలికాలం నుంచి లేదు. ఆఫీసులో తెలియదు. ఓవర్సీరు నెలకొకసారి వస్తాడు, తనే మాట్లాడి తనే పోతాడు, నేను తల ఊపుతాను. ఈ వాగు ఎక్కువగా రాత్రిపూటే వస్తుందట. ఆ చప్పుడుకే లేస్తానని గుమానారాం అంటాడు. నేనెట్లా లేవాలి? ఏ గంటకు వచ్చిందో, ఎంత ఎత్తు లేచిందో రాయాలి. దానికే కదా నన్ను పెట్టుకున్నది.

అందుకని సాంచె తెలివి వాడాను. పోగు తెగితే సాంచె ఆగదూ, అట్లాంటిదే. వాగు నడుమ మేకు కొట్టి, దానికి నూలు కట్టి, ఏటవాలుగా ఒడ్డుకు లాగి, కిటికీలోంచి లోపలికి తెచ్చి, దూలం మీదుగా నా మంచం నెత్తిన ఒక నీళ్ళ చెంబు వేలాడదీశాను. నీళ్ళొస్తే నూలు తెగాలి, చెంబు నా మీద పడాలి. పాత గోనెసంచి పోగులతో జూన్ నుంచి ఇదే చేస్తున్నాను. తెగుతుంది, కానీ మేక తగిలినా తెగుతుంది, నక్క నడిచినా తెగుతుంది, గాలి గట్టిగా వీచినా తెగుతుంది. రాత్రికి మూడుసార్లు మొహం మీద నీళ్ళు. లేచి, లాంతరు పట్టుకుని పోయి, వట్టి ఇసుక చూసి, ముడేసి వచ్చి పడుకోవడం. వాగు రాలేదు గానీ నా పక్క మాత్రం రోజూ తడుస్తోంది.

గోనె పోగులు అయిపోయాయి. నీ నూలే కట్టాను. మేకలు తగిలినా తెగడం లేదు. నాలుగు రాత్రులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను అక్కా. రెండు నెలల్లో నాకు నిద్రంటే ఇదే. ఇది తప్పని తెలుసు. పురి విప్పి ఒంటి పోగు తీయాలి. రేపు చేస్తాను. ఈ పూట ఒంట్లో సత్తువ లేదు. ఇంకొక్క రాత్రి పడుకుంటాను.

నీ కంటే వాగు ఎక్కువని అనుకోకు. రాఖీ దిండు కింద దాచాను.

రామచంద్రం

*

నీలం నగర్
12 ఆగస్టు 2025

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. చాటలో ఆకు అట్లాగే వదిలేసి రాస్తున్నాను. రేపు అనకు. ఈ కాగితం చదివిన చేత్తోనే ఆ నూలు తీసెయ్యి.

దీనితో రెండు ఉండలు బీడీ దారం పంపుతున్నాను. రోజుకు వెయ్యిసార్లు నా వేలితో పుటుక్కున తెంపే దారం. నువ్వడిగింది నా ఒళ్ళోనే ఉంది, నేను దాజీ పేట్ దాకా పోయి పరువు కొనుక్కొచ్చాను. ఏం చెయ్యను, నేత ఇంట్లో పుట్టినదాన్ని, తెగడానికే నూలు అడిగే మనిషి ఉంటాడని నాకు తోచలేదు.

చెవులు పోయాయని మాకు చెప్పడానికి సిగ్గా? ఎవరి దగ్గర దాస్తున్నావురా? మీ బావతో నేను ముప్పై ఏండ్ల సంది అరుస్తనే ఉన్న. చూడు, కోపంలో పంతులు మాట తప్పాను.

రథం బాగా జరిగింది. సాంచెలన్నీ బందయ్యాయి, ఊరంతా నిశ్శబ్దం, రథం ముందు డోళ్ళు మాత్రమే. నీ పేరు మీద కొబ్బరికాయ కొట్టించాను. వాగు రావాలని మొక్కాను. ఇన్నాళ్ళూ అది రాకుండా ఉంటేనే నువ్వు ఇల్లు చేరతావని లోపల అనుకునేదాన్ని. ఆ మాట దేవుడి ముందు ఒప్పుకున్నాను, నీ ముందు కూడా ఒప్పుకుంటున్నాను.

ఆరతి ఇప్పుడే పోస్టాఫీసుకు పరిగెడుతోంది.

అక్క

*

లూణ్‌సర్
14 ఆగస్టు 2025

అక్కా,

నీ దగ్గరి నుంచి జవాబు ఇంకా రాలేదు. దారిలో ఉండి ఉంటుంది.

వాగు వచ్చింది. సోమవారం రాత్రి వచ్చింది. నేను నిద్రపోయాను.

రేపు రేపు అనుకుంటూ నూలు మార్చలేదు. రాఖీ పున్నమి నాడు కట్టుకున్నాను, ఆ సంతోషంలో ఒక రోజు పోయింది. ఆదివారం ఒళ్ళు నొప్పులని ఒక రోజు పోయింది. మంగళవారం తెల్లవారి కళ్ళు తెరిస్తే నెత్తిన చెంబు కనిపించలేదు. తల పైకెత్తి చూస్తే దూలానికి ఆనుకుని, బిర్రుగా అక్కడే నిలబడి ఉంది. నీళ్ళు నూలును లాగాయి, చెంబు పైకి పోయింది, నూలు తెగలేదు. చెంబులోంచి ఒక్క చుక్క పడలేదు.

బయటికి పరిగెత్తాను. ఇసుకంతా తడి. స్తంభం మొదట్లో నురగ ఇంకా ఆరలేదు. గుమానారాం ఒడ్డున నిలబడి ఉన్నాడు. రాత్రంతా అవతలి ఒడ్డు నుంచి కేకలేశాడట. నీళ్ళు దాటి రాలేక అరుస్తూనే ఉన్నాడట. "నలభై అడుగుల వెడల్పున పారింది, నువ్వెట్లా పడుకున్నవ్" అని చేతులతో అడిగాడు. నేను ఒడ్డున కూర్చుని ఏడ్చాను.

ఆ రోజంతా వాగు తడి పట్టుకుని కిందికి నడిచాను. సరస్సు దాకా పోయిందేమో చూద్దామని. పోలేదక్కా. మైలున్నర ముందే ఇసుకలో ఇంకిపోయింది. తెల్లటి నేల తెల్లగానే ఉంది.

నిన్ను తప్పుపట్టడం లేదు. నేతవాడిని, చేత్తో ముట్టుకోగానే తెలిసింది అది తెగదని. తెలిసే కట్టాను.

రామచంద్రం

*

నీలం నగర్
20 ఆగస్టు 2025

తమ్ముడూ,

రెండు రోజులు నీ ఉత్తరం చీరకొంగులో కట్టుకుని తిరిగాను. మీ బావకు చదివి వినిపించలేక, చేతికిచ్చాను. చదివి, కళ్ళద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు.

నువ్వు తప్పుపట్టకపోతే మాత్రం తప్పు పోతుందా? నువ్వు స్పష్టంగా రాశావు. తెగేది కావాలని, గట్టిది వద్దని. చదివాను, అర్థమైంది, అయినా నా మాటే నెగ్గాలనుకున్నాను. చిన్నప్పటి నుంచీ ఇంతే. నీకు ఆకలి లేదంటే ఇంకో రొట్టె వేసేదాన్ని. మూడేళ్ళు కాచుకున్న దాన్ని నీకు కనపడకుండా చేశాను.

అంకె రాశావా? అది రాయలేదు నువ్వు. నీళ్ళు పోయాక స్తంభం చూస్తే ఏం తెలుస్తుంది? వచ్చిందని ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే స్తంభం పీకేస్తారు కదా. ఏదో ఒక గంట రాసెయ్యి, ఏదో ఒక ఎత్తు రాసెయ్యి, ఎవరు చూడొచ్చారు అని బావ అంటున్నాడు. నేను ఏమీ చెప్పను. ఈసారి నీకు తోచింది చెయ్యి.

అన్నం తింటున్నావా?

అక్క

*

లూణ్‌సర్
2 సెప్టెంబర్ 2025

అక్కకు,

తింటున్నాను. జొన్నరొట్టె. ఈసారి ప్రశ్న వినపడింది.

బావకు చెప్పు, ఏదో ఒక అంకె రాయాల్సిన అవసరం పడలేదు. స్తంభం మీది తడి నేను చూసేసరికే ఎండిపోతోంది, నిజమే. కానీ నీ నూలు ఉంది. వాగు నడుమ నుంచి కిటికీ దాకా ఏటవాలుగా ఉందని రాశాను కదా. నీళ్ళు ఎంత ఎత్తు లేచాయో అంతవరకు దానికి గడ్డి, చెత్త పట్టుకుంది. ఈ ఉప్పు నేల మీద పారి వచ్చిన నీళ్ళు కదా, ఎండాక అంతవరకే తెల్లగా ఉప్పు పేరింది. ఆపైన నూలు నూలులాగే ఉంది. తెగి ఉంటే కొట్టుకుపోయేది. ఓవర్సీరు టేపు పెట్టి కొలిచాడు. రెండడుగుల మూడంగుళాలు. పుస్తకంలో నా చేత్తోనే రాశాను. మూడేళ్ళలో సున్నా కానిది అదొక్కటే. గుమానారాం సాక్షి వేలిముద్ర వేశాడు. స్తంభం ఇంకో రెండేళ్ళు ఉంటుంది. వాగు వాగుగానే ఉంటుంది.

వచ్చిన గంట అని ఇంకో గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేశాను. గుమానారాం గంట చెప్పేవాడే, అడగలేదు. నేను వినలేదు కదా, విన్నట్టు రాయలేకపోయాను. ఎందుకు ఖాళీ అని ఓవర్సీరు అడిగాడు. పెదవులు చూసి పోల్చుకుని, నాకు చెవులు లేవని చెప్పాను. ఆయన కోప్పడలేదు. బండి దగ్గరికి పోయి, తిరిగి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఈ నెల పదహారు నుంచి గుమానారాం కోడలు చూసుకుంటుంది. ఆమెకు చీమ నడిచినా వినపడుతుందట.

నువ్వు తప్పు తప్పు అని రాయకు. రెండు నెలల్లో నేను నిద్రపోయింది ఆ తొమ్మిది రాత్రులే. నీళ్ళు చూడలేదని బాధ ఉంది, పోదు. నిద్రపోయానని మాత్రం నాకు బాధ లేదు. బాగా అలిసిపోయానక్కా.

పదహారున బయలుదేరి పద్దెనిమిది పొద్దున సోలాపూర్ చేరతాను. ఆ కార్ఖానాలో చెవిటివాడిని పెట్టుకుంటారో లేదో కనుక్కో. నీ బీడీ దారం అందింది, సంచులు మూటకట్టుకోవడానికి వాడదామంటే తెగుతోంది. నీ నూలులో ఉప్పు పట్టిన ముక్క ఒక మూరెడు కోసి ఇందులో పెట్టాను.

రామచంద్రం

*

నీలం నగర్
9 సెప్టెంబర్ 2025

తమ్ముడూ,

నువ్వు బయలుదేరేలోపు ఇది అందాలని ఆరతి చేత స్పీడ్ పోస్టు చేయిస్తున్నాను.

కార్ఖానా సంగతి అడిగాను. మేస్త్రీ నవ్వాడు. "అక్కా, సాంచెలు నడుస్తుంటే ఇక్కడ ఎవనికి ఇనపడ్తది? మేమంతా సైగలే" అన్నాడు. నిజమే కదా. ఛాయ్ కావాలంటే బొటనవేలు, పోగు తెగిందంటే రెండు వేళ్ళు. నువ్వే నాకు ఒకప్పుడు నేర్పావు. ఆ సైగలు మరవకపోతే చాలన్నాడు. ఒకటో తారీకు నుంచి రమ్మన్నాడు. అప్పటిదాకా పడుకో. మా ఇంట్లో నీ నెత్తిన చెంబు వేలాడదీసేవాళ్ళు ఎవరూ లేరు.

స్టేషన్లో నేను అరవను. ఎర్ర టవలు ఊపుతాను. బావ రెండు టవళ్ళు ఊపుతానంటున్నాడు. చూసుకుని దిగు.

ఇంకొక మాట. నువ్వు పంపిన నూలు ముక్క కవరులోంచి జారి ఆకుల చాటలో పడింది. బీడీ చుడుతూ చుడుతూ దారమనుకుని అందుకున్నాను. పోగు చేతికి రాగానే కొస నోట్లో తడపడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. నాలుకకు ఉప్పగా తగిలింది. ఏందిదని చూస్తే నీ నూలు.

పంతుల్ని పక్కన పెట్టి చెప్తున్న. ఇన్నేండ్లు నేను నమ్మలే. రెండడుగులని నువ్వు రాసినా, మనసులో నమ్మలే. ఒంటరిగ ఉండి ఉండి, వట్టి ఇసుకను చూసి వాగంటున్నడు నా తమ్ముడు అనుకున్న. చాట పక్కన పెట్టి శానసేపు ఏడ్చిన. నువ్వు ఇనలే, చూడలే, సరే. నేను రుచి చూసిన. నీళ్ళొచ్చినయ్ తమ్మీ.

ఇంటికి రా.

అక్క